వేగు, కవిలె, కైఫియత్తు

కర్నూలు సీమ ముగిసి కడప సీమ మొదలయ్యే చోట, కుందేరు ఒడ్డున, నల్లరేగడి చేల నడుమ ఒక పల్లె ఉంది. ఆ పల్లె పేరు ఈ వ్యాసంలో ఎక్కడా చెప్పను. ఎందుకు చెప్పనో చదువరులకు పోను పోను తెలుస్తుంది. ఆ ఊరి చెరువుకట్ట దిగువన, ఒక శనగచేను గట్టు మీద, సగం భూమిలో కూరుకుపోయిన శాసనపు రాయి ఒకటి ఉండేది. పైన సూర్యచంద్రులు, వారి కింద లింగమూ నందీ, ఆ కింద పదహారు పంక్తులు. ఏడేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల్లో అటు వెళ్ళినప్పుడు, పొద్దువాలే వేళ దానికి ఫొటో తీశాను. అరిగిపోయిన అక్షరాలను పట్టుకోవడానికి ఏటవాలు వెలుతురును మించిన సాధనం లేదు. ఇంటికి వచ్చాక ఆ ఫొటోను ఫేస్‌బుక్కులో పెట్టి, "మా సీమలో ఒక శాసనం, చదవగలిగినవారు చదివి చెప్పండి" అని రాశాను. ఊరి పేరు రాయలేదు. ఆ మాత్రం జాగ్రత్త నాకూ ఉందని అప్పట్లో నా నమ్మకం.

మూడవనాటి ఉదయానికి ఒక యువకుని నుంచి నాకు విడిగా సందేశం వచ్చింది. సొంత ఊరు ప్రొద్దుటూరు ప్రాంతమే, ఉద్యోగం పరదేశంలో. "సార్, మీ శాసనం ఫలానా ఊరిలో, చెరువు తూముకు తూర్పున రెండవ చేనిలో ఉంది, అవునా?" అని అడిగి, ఉపగ్రహ పటం మీద గుర్తు పెట్టి మరీ పంపాడు. నేను నిర్ఘాంతపోయాను. ఎలా తెలిసిందని అడిగితే ఓపికగా చెప్పాడు. రాయి వెనుక దూరంగా కనిపిస్తున్న ఎర్రమల గుట్టల అంచు ఒక ఆనవాలు. ఆ అంచు మీద మూడు గాలిమరలు రెండవ ఆనవాలు. రాయి నీడ పడిన దిక్కును బట్టి నేను ఏ వైపు తిరిగి నిలబడ్డానో తెలిసింది. చివరిది నా నోటి దురదే. ఆ ముందురోజు మరొక మిత్రుని ఫొటో కింద "కోయిలకుంట్లలో రెండు గంటలు బస్సు కోసం పడిగాపులు పడ్డాను" అని రాసుకున్నాను. ఈ నాలుగూ కలిపితే వెతకవలసిన జాగా పది పన్నెండు ఊళ్ళకు కుదించుకుపోయిందట. "నాకు అరగంట పట్టింది. ఇంకొకరికి ఒక పూట పడుతుంది. ఆ ఫొటో తీసేయడం మంచిది సార్" అని ముగించాడు.

నేను తీసేయలేదు. అప్పటికి ఎవరో నాలుగు పంక్తులు చదివి పెట్టారు, మిగతా పంక్తుల మీద చర్చ సాగుతోంది, నా పేరు పదిమంది నోట నానుతోంది. ఆ కథ చివర చెబుతాను.

ఆ యువకుడు చేసిన పనికి ఇంగ్లీషువారు ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అని పేరు పెట్టుకున్నారు. తాళాలు పగలగొట్టడం, దొంగచాటుగా వినడం ఇందులో ఉండవు. అందరికీ కనబడేలా పడివున్న వాటిని ఏరి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఎవరూ విడిగా చెప్పని సంగతిని రాబట్టడమే ఈ విద్య. మన భాషలో వేగు అన్న పాత మాట ఉంది గానీ, అందులో చాటుమాటు వాసన ఉంది. రాయవాచకంలో తురుష్క రాజుల నగరాలకు వెళ్ళి వార్తలు మోసుకువచ్చే వేగులవారి కథలు చదివినవారికి ఆ వాసన తెలుసు. దీనిని బాహాటపు వేగు అనవచ్చునేమో. ఇంతకన్న మంచి మాట దొరికితే చదువరులు నాకు చెప్పాలి.

ఈ విద్య ఫోనులతో పాటు నిన్న మొన్న పుట్టిందని అనుకుంటాం. మన సీమ వరకు ఆ మాట నిజం కాదు. రెండువందల ఏళ్ళ క్రితం ఇంత శ్రద్ధగా, ఇంత పెద్ద ఎత్తున ఈ పని జరిగిన ప్రాంతాలలో కడప, కర్నూలు సీమలు ఉన్నాయి. పైగా ఆ పనిచేసిన వారిలో ముఖ్యులు తెలుగువారు.

1800 అక్టోబరులో నిజాము తనకు కాపలా ఉండే కంపెనీ సైన్యపు ఖర్చు కింద బళ్ళారి, కడప సీమలను, ఈనాటి అనంతపురాన్ని, కర్నూలులో కొన్ని తాలూకాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు వద్దని రాయలసీమ అనే దాకా మనం ఆ పేరుతోనే బతికాం. కర్నూలు పట్టణమూ దాని చుట్టుపట్ల ఊళ్ళూ మాత్రం నవాబు కిందనే ఉండి, కంపెనీకి పేష్కషు చెల్లించుకుంటూ 1839 దాకా నెట్టుకొచ్చాయి.

కొత్తగా చేతికి వచ్చిన ఈ సీమను గురించి కంపెనీకి తెలిసినది బహు తక్కువ. ఎనభై మంది దాకా పాలెగాళ్ళు, ఎవరి కోట వారిది. ఏ ఊరు ఎవరి కింద ఎప్పటినుంచి ఉందో, ఏ మాన్యం ఏ రాజు ఇచ్చినదో, ఏది నిజమైన దానపత్రమో, ఏది నిన్న రాసుకున్నదో తేల్చగలిగినవారు గ్రామాల్లోని కరణాలూ రెడ్లూ మాత్రమే. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 దాకా ఉండి, పాలెగాళ్ళను అణచి, పొలాలను గొలుసులతో కొలిపించి, పన్ను కట్టాడు. ఆయనది ఒక తరహా సమాచార సేకరణ. అందులో అడిగేవాడి ఉద్దేశం అడగబడేవాడికి స్పష్టంగా తెలుసు.

ఇక్కడ ఒక పక్కమాట. మనవాళ్ళ గురించి మన్రో రాసుకున్నట్టే, మన్రో గురించి మనవాళ్ళూ కట్టుకున్నారు. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండి దగ్గర, ఆకాశంలో బంగారు తోరణం కనబడిన మనిషి ఎంతోకాలం బతకడని కడప సీమలో ఒక నమ్మిక. మన్రో దొరకు ఆ తోరణం కనబడిందనీ, కొద్దికాలానికే పోయాడనీ చెబుతారు. గవర్నరు హోదాలో పర్యటనకు వచ్చిన మన్రో 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట మాత్రం చరిత్ర.

మన్రో వెళ్ళిపోయిన కొన్నేళ్ళకు ఇదే సీమకు మరొక తరహా మనుషులు వచ్చారు. వారు కొలతగొలుసులు తేలేదు, కాగితాలూ కలాలూ తెచ్చారు. వారిని పంపినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసుకు వచ్చిన ఇంజనీరు. పటాలు గీయడం అతని ఉద్యోగం. 1794లోనే శ్రీశైలం వెళ్ళి ఆ గుడి గోడల మీది శిల్పాలను గురించి రాసిన వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్‌లో అచ్చయింది. మైసూరు సీమ సర్వే ముగించి, 1810లో మద్రాసు రాజధానికి, 1815లో హిందూదేశం మొత్తానికి సర్వేయరు జనరల్ అయ్యాడు. ఇంత తిరిగినా మన భాషలేవీ అతనికి రావు. ఆ సంగతి అతనే దాచకుండా ఒప్పుకున్నాడు. అతనికి కళ్ళూ చెవులూ నోరూ అయినవారు కావలి సోదరులు.

ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య మెకంజీ దగ్గర చేరేనాటికి ఇరవై ఏళ్ళ యువకుడు. హిందువుల విద్యల వాకిలి తనకు తెరిచినది ఈ బ్రాహ్మణ యువకుడేనని మెకంజీ తరువాత కృతజ్ఞతతో రాశాడు. బొర్రయ్య 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. అతని తమ్ముడు లక్ష్మయ్య పెద్దరికం తీసుకొని ఆ పనిని అందుకున్నాడు. వారి కింద నారాయణరావు, ఆనందరావు వంటి ఉద్యోగులు ఊరూరూ తిరిగేవారు. దత్తమండలాల్లో ఎక్కువగా తిరిగినవారిలో నారాయణరావు ఒకరు. ఎక్కడెక్కడికి వెళ్ళాడో, ఎవరిని కలిశాడో, ఏమి దొరికిందో, ఏమి దొరకలేదో నెలనెలా దొరకు నివేదిక రాసి పంపాలి. ఈ నివేదికల్లోనే అసలు కథ ఉంది.

వారి పద్ధతి ఇది. ఊరికి రాగానే గుడి దగ్గర దిగుతారు. గుడి గోడల మీద, ధ్వజస్తంభం పక్కన, చెరువుకట్టల మీద ఉన్న శాసనాలను నకలు తీసుకుంటారు. శాసనమంటే దాచిపెట్టినది కాదు. ఎవరు ఏమిచ్చారో, ఎవరికిచ్చారో లోకమంతా చూడాలని, చూసినవారంతా సాక్షులుగా ఉండాలని నాలుగు దారులు కలిసే చోట నిలబెట్టిన రాత అది. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, చెన్నకేశవుని గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం సుమారు 575 నాటిది. తొలి తెలుగు శాసనమని పేరుపొందిన ఆ రాత సైతం నలుగురూ చూడడానికి వేసినదే. శాసనాల తరువాత కరణాన్ని కలుస్తారు. కరణం దగ్గర కవిలె ఉంటుంది. అది ఊరి పుట్టుపూర్వోత్తరాలు, పొలాల లెక్కలు, మాన్యాల వివరాలు తరతరాలుగా రాసుకున్న కట్ట. ఇది బాహాటమైనది కాదు, కరణం ఇంటి అటక మీది సొత్తు. ఆ పైన ఊరి పెద్దలను, పూజారులను, భట్రాజులను కూర్చోబెట్టి వారి నోటిమాట రాసుకుంటారు. ఈ మూడింటినీ కలిపి రాసినదే కైఫియత్తు. పారసీ నుంచి వచ్చిన ఆ మాటకు ఉన్న స్థితిగతులను తెలియజేసే విన్నపమని అర్థం.

కడప సీమ కైఫియత్తులు తెరిస్తే ఇంచుమించు ప్రతి ఊరి కథా ఒకే తీరున నడుస్తుంది. మొదట దండకారణ్యం. తరువాత ఒక రాజు వేటకు రావడం, దాహం వేయడం, ఎవరో నీటి జాడ చూపడం, అడవి కొట్టించి ఊరు కట్టించడం. ఒంటిమిట్ట కథలో ఉదయగిరి నుంచి వచ్చిన కంపరాజుకు నీరు చూపినవారు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు బోయలు. ఆ పైన రాయలవారి ప్రభుత్వం, ఆ పైన మట్లివారో నంద్యాలవారో, తరువాత కుతుబ్‌షాహీలు, కడప నవాబులు, హైదరు, నిజాము, చివరికి కుంఫిణీవారు. రాజులు మారినప్పుడల్లా మాన్యం ఎవరు నిలిపారో, ఎవరు జప్తు చేశారో కరణం మరిచిపోకుండా చెబుతాడు. కైఫియత్తులో ప్రాణం ఉన్న భాగం నా ఉద్దేశంలో అదే. దండకారణ్యం గురించి అతనికి పెద్ద పట్టింపు లేదు. మాన్యం గురించి ఉంది.

ఇందులో చెప్పినదంతా నిజమని నమ్మితే మోసపోతాం. గండికోట సంగతే చూడండి. కళ్యాణి చాళుక్యుల ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో ఈ కోటకు పునాది వేశాడని ఇవాళ ఏ పర్యాటక పుస్తకం తెరిచినా కనబడుతుంది. ఆహవమల్లుడు 1068లోనే తుంగభద్రలో మునిగి ప్రాణం విడిచాడు. పోయిన యాభై అయిదేళ్ళకు అతని సామంతుడు కోట ఎలా కట్టాడు? తేదీ తప్పన్నా కావాలి, రాజు పేరు తప్పన్నా కావాలి. రెండు ఆధారాలను పక్కపక్కన పెడితే బయటపడే పొరపాటు ఇది. పక్కపక్కన పెట్టేవారు లేక పుస్తకం నుంచి పుస్తకానికి, ఇప్పుడు ఫోను నుంచి ఫోనుకు నడుస్తూనే ఉంది. కర్నూలు పేరు కథ ఇంకొక రకం. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసే బండ్లవాళ్ళు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పెట్టుకునేవారు గనుక కందెనవోలు, అది కందనవోలు, అది కర్నూలు అంటారు. ఈ కథను కాదనడానికి గానీ అవుననడానికి గానీ నా దగ్గర ఏమీ లేదు. కానీ నదీతీరంలో ఒక రేవు, దానిగుండా సాగిన రాళ్ళ బండ్ల రాకపోకలు ఆ కథలో మిగిలాయి. అబద్ధపు కథ కూడా ఒక్కోసారి నిజమైన దారిని చూపుతుంది.

నారాయణరావులాంటివారికి ఊళ్ళలో ఎదురైన ఇబ్బంది మరొకటి. వాళ్ళు ఎందుకు వచ్చారో ఎవరికీ నమ్మకం కలిగేది కాదు. దేవుడి కథలు, రాజుల వంశావళులు తెలుసుకోవడానికి ఒక దొర జీతమిచ్చి మనుషులను పంపుతాడా? మాన్యాలు లాక్కోవడానికి వచ్చారని కరణాలు, పాత రాతల వెంట నిధి జాడలు వెతుకుతున్నారని మరికొందరు అనుమానించేవారు. మన్రో గొలుసులు చేల మీద పాకి ఎంతోకాలం కాలేదు. అందుచేత కవిలె చూపమంటే లేదనడం, పోయిందనడం, చెదలు తినిందనడం మామూలు. మెకంజీకి చరిత్ర మీద నిజమైన ప్రేమే ఉండవచ్చు. ఉందనే నేను నమ్ముతాను. కానీ అతని జీతం కుంఫిణీది, అతని మనుషులను ఊళ్ళలోకి రానివ్వమని తాకీదులిచ్చినది కలెక్టర్లు. కరణాల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేసే పాండిత్యం నాకు లేదు.

మా పూర్వుల ఊరి కైఫియత్తు నేను చూసినది కడపలో, ఎర్రముక్కపల్లెలోని సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో. బ్రౌను దొర బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇటుక ఇటుక పేర్చినట్టు చందాలు పోగుచేసి నిలబెట్టిన సంస్థ అది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసిన పుణ్యమూ ఆ సంస్థదే. మా ఊరి కైఫియత్తు రెండున్నర పుటలు. చివర కరణం చేవ్రాలు. మాది కరణాల ఇల్లు. 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలను రద్దుచేసే దాకా మా పెదనాయన ఆ పని చేశాడు. చేవ్రాలు చేసిన ఆ మనిషి మాకు ఏడు తరాల కిందటివాడు. అందులో ఆయన అంటాడు గదా, మరాటీల దండు వచ్చినప్పుడు ఇల్లు కాలిపోయి కవిలె నష్టమైనది గనుక పెద్దలు చెప్పుకొనగా విన్న మాటలు విన్నవిస్తున్నాను అని.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అవ్వ బతికి ఉండగా ఎన్నోసార్లు చెప్పేది: అటక మీద కడితాలు ఉండేవని, గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గూ పట్టించి మడిచి బలపంతో రాసినవని, "మీ జేజినాయన వాళ్ళ నాయన కాలం నుంచి ఉండే లెక్కలబ్బా అవి, పట్టుకుంటే చేతికి మసి అయ్యేది" అని. ఎలుకలు కొట్టగా మిగిలినవాటిని ఒక ఏడు కుందేట్లో కలిపేశారట. మరి మరాటీల దండులో కాలినదేమిటి? అవ్వ చూసినవి తరువాతి కాలపు లెక్కలు కావచ్చు. కాకపోనూవచ్చు. మా పూర్వుడు కుంఫిణీ మనిషికి ఉన్న కవిలెను లేదని చెప్పాడని నా అనుమానం. గుడి మాన్యంలో ఎన్ని ఎకరాలకు సరైన పత్రం ఉందో, ఎన్నింటికి లేదో ఆ కవిలెలో ఉండి ఉంటుంది. ఆయన అబద్ధం వల్ల మాన్యం నిలిచింది. ఆ అబద్ధం వల్లనే ఊరి మూడువందల ఏళ్ళ లెక్క ఏటిపాలయింది. ఆయన స్థానంలో నేనుంటే ఏమి చేసేవాడినో ఆలోచించుకున్నాను. లేదనే చెప్పేవాడిని.

ఏరిన సమాచారం ఎక్కడికి పోతుందో చెప్పడం ఏరినవాడి తరం కూడా కాదు. మెకంజీ 1821 మే 8న కలకత్తా దగ్గర పోయాడు. అతని భార్య ఆ సేకరణనంతా కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. 1828లో హెచ్.హెచ్.విల్సన్ అచ్చువేసిన పట్టిక ప్రకారం అందులో 1,568 తాళపత్ర, కాగితపు గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు ఉన్నాయి. ఇవి కాక అనువాదాలు, చిత్రపటాలు. కొన్ని లండనుకు పోయాయి, కొన్ని మద్రాసుకు తిరిగివచ్చాయి. లక్ష్మయ్య తన దొర మొదలుపెట్టిన పనిని తాను కొనసాగిస్తానని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ పని నడిపినవాడు, మద్రాసులో హిందూ సాహిత్య సంఘానికి అధ్యక్షుడు. ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగింది. అంతటి పనికి తగిన యోగ్యత అతనికి ఉన్నదని చెప్పలేమని ఆ సభ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తేల్చివేశాడు. సమాచారం తేవడానికి పనికివచ్చినవాడు, దానికి అర్థం చెప్పడానికి పనికిరాడన్నమాట. ఇది 1830లలో మాట. అదే ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీలిపిని చదివి జగత్ప్రసిద్ధుడయ్యాడు. ఆ లిపిలోని అశోకుని శాసనాలు పత్తికొండకు ఎడమ లేని ఎర్రగుడి బండల మీద అప్పటికి రెండువేల ఏళ్ళుగా ఎండకు ఎండి వానకు తడుస్తూ బాహాటంగానే ఉన్నాయి. గొర్రెల కాపరులు రోజూ చూస్తూనే ఉన్నారు. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త చూసే దాకా వాటిని చూసినవాడు లేడు.

మద్రాసుకు చేరిన కైఫియత్తుల సిరా వెలిసిపోతుంటే, పురుగులు కొడుతుంటే, వాటిలో చాలాభాగాన్ని తిరగరాయించి కాపాడినవారిలో ముఖ్యుడు సి.పి.బ్రౌనే. కరణాల అటకల మీది కవిలెలు పోయాయి. కరణాలు అనుమానపడుతూ, దాచుకుంటూ, సగం సగం చెప్పిన మాటలు మిగిలాయి. ఇలాంటిదే మరొకటి చెప్పి ముందుకు పోతాను. 1870ల నుంచి మద్రాసు ప్రభుత్వం తెలుగు, తమిళ పత్రికల్లో ఎవరేమి రాస్తున్నారో అనువాదకుల చేత చదివించి, సారాంశాలను రహస్యంగా అచ్చువేయించి అధికారులకు పంచేది. ఆ పత్రికల్లో ఎన్నింటి ప్రతులో ఇవాళ ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. సర్కారు వేగు కోసం తీయించిన సారాంశమే వాటి ఉనికికి మిగిలిన సాక్ష్యం.

అన్ని వేగులూ ఇలా నెమ్మదిగా పుస్తకాలై కూర్చోలేదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాను ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న వార్త పొక్కగా కంపెనీ సేన వచ్చి కోట సోదా చేసింది. జనానా తోటల్లో సైతం ఫిరంగులు బయటపడ్డాయి. నవాబు రాజ్యం పోయింది, తిరుచిరాపల్లికి ఖైదీగా వెళ్ళి మరుసటి ఏడు హత్యకు గురయ్యాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసి నల్లమల, ఎర్రమల కొండల్లో తిరుగుతున్నప్పుడు అతని తలకు వెల కట్టారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, ఆ తలను మూడు దశాబ్దాల పాటు అక్కడే అందరికీ కనబడేలా వేలాడదీశారు. ప్రభుత్వం కూడా ప్రజలకు బాహాటంగా సమాచారం పంపగలదు.

ఇప్పుడు మనమందరమూ కరణాలమే, కవిలెలు మన చేతి ఫోనుల్లోనే ఉన్నాయి. ఒక్క తేడా. మా పూర్వుడి ముందు ఒక మనిషి చాప మీద కూర్చొని కలం పట్టుకొని అడిగాడు. అడిగేవాడి ముఖం చూసి ఏది చెప్పాలో, ఏది దాచాలో ఆయన నిర్ణయించుకున్నాడు. కోయిలకుంట్లలో బస్సు దొరకలేదని రాసిననాడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ ఏరివేతంతా చెడ్డదని అనడం నా ఉద్దేశం కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు, డ్యాము తెగిందట, రెండో అంతస్తు కూడా మునుగుతుందట అని నోటిమాటగా వచ్చిన వార్తలకు తలాతోకా లేదు. ఏది నిజమో తేల్చుకోవడానికి ఆ రాత్రి మాకు ఆధారమే లేకపోయింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతంలో పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట కొట్టుకుపోయినప్పటి సంగతి వేరు. మేడల మీద నిలబడి జనం తీసిన వీడియోలు ఉన్నాయి. ఏ వేళకు ఏ ఊరిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఎవరు ఎప్పుడు హెచ్చరించారో, హెచ్చరించలేదో తరువాత ఎవరు ఏమి చెప్పినా, ఆ వీడియోలను వరుసగా పేర్చి అడగడానికి వీలుంది. చచ్చిపోయినవారి తరఫున ఉన్న సాక్ష్యం అది. అదే వారంలో నా ఫోనుకు వచ్చిన భయంకరమైన వరద దృశ్యంలో ఒకదానిని నిలిపి చూస్తే, మునిగిన దుకాణం బోర్డు మీది అక్షరాలు మన దేశపువే కావు. దానిని నాకు పంపినవారు బాగా చదువుకున్నవారు.

సరే, శాసనం సంగతి. ఆ యువకుడు హెచ్చరించిన ఏడాదే, శ్రావణమాసంలో ఊరి నుంచి ఫోను వచ్చింది. రాత్రికి రాత్రి ఎవరో రాయిని పెకలించి, కింద మనిషి లోతు గుంత తీశారు. రాయి రెండు ముక్కలై గుంత పక్కన పడి ఉంది. గుప్తనిధులవాళ్ళ పని. మన సీమలో పాడుబడ్డ గుళ్ళకు, పాత రాళ్ళకు ఈ పీడ కొత్తది కాదు. నా ఫొటో చూసే వచ్చారనడానికి రుజువు లేదు. చూడకుండా వచ్చారనడానికీ లేదు. ఆ శాసనంలో ఉన్నది నిధి కాదు. చెరువు తవ్వించినవాడికి ఇచ్చిన దశబంధ మాన్యం వివరం. అప్పటికి పదకొండు పంక్తులు చదవడం పూర్తయింది.

ఆ రాత్రే ఫొటో తీసేశాను. తీసేసిన మాట ఎవరికి తెలుస్తుంది, అప్పటికే పదిమంది పంచుకున్నారు. తరువాత ఊరికి వెళ్ళాను. ఊరివాళ్ళు రెండు ముక్కలనూ ట్రాక్టరు మీద తెచ్చి ఆంజనేయస్వామి గుడి అరుగు పక్కన సిమెంటు వేసి నిలబెట్టారు. భక్తితోనే చేశారు. కానీ విరిగిన చోటూ, కింది అయిదు పంక్తులూ సిమెంటులో కూరుకుపోయాయి. ఈ ధర్మానికి తప్పినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని శాపవాక్యం ఉండవలసిన చోటు సరిగ్గా అదే. ఇప్పుడు ఆ పదహారు పంక్తులూ పూర్తిగా ఉన్నది ఒక్క నా ఫొటోలోనే.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవురి తరపున వచ్చినారు సార్?" అని అడిగాడు. నారాయణరావును అడిగి ఉంటారే, సరిగ్గా ఆ గొంతుతో. ఎవరి తరఫునా కాదు, నేనే వచ్చాను, చదివి రాసుకుంటాను అన్నాను. జరిగినదానిలో నా పాలు ఎంతో ఆయనతో చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "దొంగ నాయాండ్లు రాకపోతే ఇంగొకరు వస్తారు లే సార్. మీరు రాసేటప్పుడు మా ఊరి పేరు మాత్రం రాయండి. పేపర్లో గానీ, పుస్తకంలో గానీ మా ఊరి పేరు యాడా ల్యా" అన్నాడు.

ఆ ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, కడప గ్రంథాలయంలో ఇవ్వడానికి ఒక కవరులో పెట్టాను. ముందువైపు శాసనం వివరం, నేను చదవగలిగినంత పాఠం ఉన్నాయి. వెనుకవైపు ఊరి పేరును పెన్సిలుతో రాశాను.